ముప్పై సెకన్ల తర్వాతి వెలుగు

రామానుజం కారు డ్రైవరు ఆస్పత్రిలో కళ్ళు తెరిచి చెప్పింది ఒక్కటే మాట. "అంతా తెల్లగైపోయింది సార్."

ఫలక్‌నుమా రైల్వే బ్రిడ్జి మీద, దీపాలు పెట్టేవేళ, ఆ కారు బాగానే ఎక్కింది, బాగానే మలుపు తిరిగింది. ఆ తర్వాత ఎవరో పిలిచినట్టు తిన్నగా వెళ్ళి ఎదురొచ్చే ఇసుక లారీ కిందికి దూరింది. వెనక సీట్లో ఉన్న రామానుజం అక్కడికక్కడే పోయాడు. పక్కనే వస్తున్న ఆటోవాడు తను ఏ లైటూ చూడలేదన్నాడు. బ్రిడ్జి కింద మిర్చీబజ్జీలు వేసే ఆమె కూడా చూడలేదంది. సీసీ కెమెరాలో వీధిలైట్ల పసుప్పచ్చ తప్ప ఇంకేమీ లేదు. డ్రైవరు తాగి ఉంటాడని రాసుకుని ట్రాఫిక్ పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఆ డ్రైవరు చాయ్ తప్ప మరొకటి ముట్టని మనిషి, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

రామానుజం క్షిపణులకు కన్ను తయారుచేసే ఇంజనీరు. ఆకాశంలో పోతూ పోతూ శత్రువును వెతికి పట్టుకునే సీకర్ అనే పరికరం ఆయన చేతుల్లోనే పుట్టి పెరిగింది. కన్ను చేసేవాణ్ణి కన్ను కప్పి చంపారు. చంపినవాడికి హాస్యం కూడా తెలుసన్నమాట.

"టార్చిలైటు," అంది విమలాదేవి.

ఛత్రినాకలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం వెనక గది అది. బయట బోర్డు మీద కుట్టుమిషను బొమ్మ, లోపల దేశ రహస్యాలు. విమలాదేవి ఆ గూఢచారి విభాగానికి అధిపతి. రిటైరవబోయే లెక్కల టీచరులా ఉంటుంది, మాట కూడా అంతే కరుకుగా ఉంటుంది.

"ఏడెనిమిది వందల మీటర్ల దూరం నుంచి. బీమ్ ఎంత సన్నగా ఉందంటే డ్రైవరు మొహం మీద పడింది, పక్క ఆటో మీద పడలేదు. అట్లాంటి లైటు ఉంటుందా, ఇశ్రాయేలూ?"

"పోయిన సంవత్సరం దాక లేకుండె మేడం," అన్నాడు ఇశ్రాయేలు. "ఇప్పుడు కొత్త ఎల్ఈడీ ఎమిటర్లు వస్తున్నయి. నువ్వుగింజంత ఉంటది. దాని ముందు మంచి అద్దం పెడితే వెలుగు సూదిలెక్క పోతది."

ఇశ్రాయేలుది జహనుమా. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్. ఆయన డ్యూటీ నుంచి వచ్చి పక్కన పెట్టిన చేతిలైటును విప్పి, మళ్ళీ బిగించి, తన్నులు తిని పెరిగాడు. విభాగంలో లైట్ల సంగతి ఎవరికి కావాలన్నా అతని దగ్గరికే రావాలి. కొత్తగా చేరినవాళ్ళకు టార్చి ఎలా చూడాలో నేర్పేదీ అతనే. అతను నేర్పిన మొదటి పాఠం ఇది: మొదటి వెలుగును నమ్మకు. స్విచ్ నొక్కగానే ఏ ఎమిటరైనా సూర్యుడిలా కనిపిస్తుంది. వేడెక్కాక నీరసపడుతుంది, రంగు మారుతుంది. ముప్పై లెక్కపెట్టి అప్పుడు చూడు.

అలా నేర్చుకున్నవాళ్ళలో శ్రవణ్‌కుమార్ ఒకడు. ఛత్రినాక పిల్లగాడు. శిష్యుడుగా వచ్చి ప్రాణస్నేహితుడయ్యాడు. రామానుజాన్ని చంపిందని విభాగం అనుమానిస్తున్న ముఠాలోకే పోయిన నెల మెకానిక్ వేషంలో దూరాడు, దూరినవాడు మళ్ళీ మాట్లాడలేదు.

"శ్రవణ్ బతికున్నడా మేడం?"

"ఉంటే చూసిరా. నిన్ను పంపేది మాత్రం అందుకు కాదు." విమలాదేవి ఒక ఫోటో తోసింది. గోదా. రామానుజం తర్వాత సీకర్ పని చూసుకుంటున్న ఇంజనీరు. ఆమె పూర్వీకులంతా గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు, ఆమె ఒక్కతే వైర్లలో పడింది. రోజూ సాయంత్రం అదే బ్రిడ్జి మీదుగా తనే కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంది. "తర్వాతి గురి ఈమే."

"ఆమెకు చెప్పినమా?"

"లేదు. చెబితే భయపడి దారి మారుస్తుంది. దారి మారిస్తే వాళ్ళు మనకు కనబడరు."

ఇశ్రాయేలు ఫోటో వైపు చూశాడు. గోదా ఫోటోలో కూడా ఏదో లెక్క చేస్తున్నట్టే ఉంది.

"ముఠా నడిపేవాణ్ణి డాక్టర్ లూకాన్ అంటారు. విదేశీయుడు, ఏ దేశానికి పనిచేస్తాడో చెప్పడు, అందరికీ చేస్తాడు. వాడికి టార్చిలు పరీక్షించి బిగించే మేస్త్రీ కావాలి. నీ పేరు బబ్లూ. లోపల మన మనిషి ఒకామె ఉంది, రూప. దిగుమతి లైట్ల షోరూమ్ నడుపుతుంది, లూకాన్‌కు సరుకు తెచ్చేది ఆమే. శ్రవణ్ మొహం కూడా తను చూడలేదని, తన దగ్గరికి రాకముందే మాయమయ్యాడని చెప్పింది."

విమలాదేవి అతనికి ఒక కళ్ళజోడు ఇచ్చింది. వెల్డింగ్ మాస్కులాంటిదే, కాకపోతే మామూలు జోడులా ఉంటుంది. పెద్ద వెలుతురు తగిలిన క్షణంలో అద్దాలు నల్లబడి కన్ను కాపాడతాయి. చొక్కాకు ఒక గుండీ కూడా ఇచ్చింది, నొక్కితే అతనెక్కడున్నాడో విభాగానికి తెలుస్తుంది.

"జోడు ఒక్కటేనా మేడం?"

"నీకు ఎన్ని తలలున్నాయి?" అందామె.

ఫలక్‌నుమా గల్లీలో పెళ్ళి ఊరేగింపు లైట్లు బాగుచేసే వర్క్‌షాపు అది. ముందు భాగంలో రంగురంగుల గొడుగు లైట్లు, జనరేటర్లు, గుర్రబ్బండి దీపాలు. వెనక పొడవాటి గోడౌను, ఒక్క కిటికీ లేదు. పట్టపగలు కూడా లోపల చీకటే.

గుమ్మంలో రూప నిలబడి ఉంది. నల్ల షిఫాన్ చీర, కళ్ళకు దట్టంగా సుర్మా, ఆ గల్లీ దుమ్ము తన చెప్పులనైనా ముట్టదన్న ధీమా. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు చాయ్ చల్లారిపోయినా గుక్క వేయడం లేదు.

"వార్మ్ లైట్ కావాల్నా భాయ్, కూల్ కావాల్నా?" అని అడిగింది.

"చెయ్యి మీద ఏసి చూస్తేగాని చెప్పలేను," అన్నాడు ఇశ్రాయేలు. అదే కోడ్.

లోపల లూకాన్ పళ్ళ డాక్టరులా శుభ్రంగా, సన్నగా ఉన్నాడు. గోళ్ళు కత్తిరించిన తీరు చూస్తేనే భయమేస్తుంది. మాట్లాడేది ఇంగ్లిష్‌లో, అదీ గుసగుసగా. బల్ల మీద ఒకే తీరు టార్చిలు రెండు పెట్టాడు. ఒకదాంట్లో పెద్ద ఎమిటర్, దాని మీద బుడగలాంటి చిన్న డోమ్. రెండోదాంట్లో కొత్త ఎమిటర్, చిన్నది, డోమ్ లేనిది.

"పోల్చు," అన్నాడు.

ఇశ్రాయేలు గోడౌను చివరి తెల్లగోడ దగ్గర వెలుగు కొలిచే లక్స్ మీటరు పెట్టి మొదటిది వెలిగించాడు. గోడంతా పాలు పోసినట్టయింది. రెండోది వెలిగించాడు. గోడ మధ్యన పళ్ళెమంత గుండ్రటి వెలుగు, దాని అంచు బ్లేడుతో కోసినట్టుంది, చుట్టూ చీకటి. ముప్పై లెక్కపెట్టి మీటరు చదివాడు.

"మొదటిదాంట్ల లూమెన్లు ఎక్కువ. అంటే మొత్తం వెలుగు ఎక్కువ," అని హిందీ కలిపిన ఇంగ్లిష్‌లో చెప్పాడు. "రెండోదాంట్ల మొత్తం తక్కువే గని క్యాండెలా మస్తున్నది. ఒక్క జాగల గుచ్చుకుంటది."

"లూమెన్లు పెళ్ళి బారాత్‌కు పనికొస్తాయి," అన్నాడు లూకాన్. "నాకు క్యాండెలా కావాలి. రంగు కూడా వీధిలైటులో కలిసిపోవాలి, కెమెరాకు తెలియకూడదు." తనే రెండో టార్చి తీసుకుని గోడ మీద టక్కున వెలిగించి టక్కున ఆర్పేశాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా పెదాలు తడుపుకున్నాడు. అతని పరీక్ష అంతే.

"రంగు నేను చూస్త," అంది రూప.

హ్యాండ్‌బ్యాగులోంచి మడతలు పడ్డ కాగితం పొట్లం తీసింది. వేలితో గోడ మీద పసుపు బొట్టు ఒకటి, పక్కనే కుంకుమ బొట్టు ఒకటి పెట్టింది. ఒక్కో టార్చీ వెలిగించి, పెదాలు కదుపుతూ ముప్పై లెక్కపెట్టి, అప్పుడు చూసింది.

"మొదటిదాంట్ల కుంకుమ మట్టిరంగుకొచ్చింది. దీంట్ల ఎర్రగనే ఉన్నది. ఇదే మంచిగుంది డాక్టర్."

ఇశ్రాయేలు ఆ పొట్లం వైపే చూశాడు.

లోకంలో లైటు రంగు చూడటానికి చెయ్యి వెనక్కి తిప్పి చూసుకునేవాళ్ళుంటారు, రంగుల అట్ట పెట్టేవాళ్ళుంటారు. గోడకు పసుపూ కుంకుమా పెట్టేవాడు అతనికి తెలిసి ఒక్కడే. శ్రవణ్ వాళ్ళమ్మ ఏటా ఛత్రినాకలో బోనం ఎత్తుతుంది. ఆమె కట్టిచ్చిన పొట్లం వాడి జేబులో ఎప్పుడూ ఉండేది. మంచి వెలుగైతే కుంకుమ కుంకుమలాగే ఉంటుంది, పాడు వెలుగైతే చచ్చిన రంగు వస్తుంది అనేవాడు. ట్రైనింగులో అందరూ దాన్ని అమ్మోరి టెస్ట్ అని ఏడిపించారు, ఇశ్రాయేలే అందరికంటే ఎక్కువ ఏడిపించాడు.

శ్రవణ్ మొహం కూడా చూడలేదన్న మనిషి వాడి పక్కన నిలబడి, వాడి పద్ధతి నేర్చుకుని, వాడి పొట్లమే చేతిలో పట్టుకుని నిలబడింది. అంటే వాణ్ణి అమ్మింది ఈమే. ఇశ్రాయేలు మనసులో రూపను అప్పటికప్పుడే చంపేశాడు.

"గోడ చాలు," అన్నాడు లూకాన్. "రేపు సాయంత్రం జహనుమాలో ఒక పైకప్పు మీంచి బ్రిడ్జి మీద వేస్తాం. ఇప్పుడు కన్ను."

పక్క గదిలోంచి చక్రాల కుర్చీలో ఒక మనిషిని తోసుకొచ్చారు. చేతులు కుర్చీకి కట్టేసి ఉన్నాయి. రెప్పలు మూతపడకుండా ప్లాస్టరు అంటించారు. కళ్ళు రెండూ పచ్చిపుండ్లలా ఉన్నాయి.

శ్రవణ్.

"రోజూ కొంచెం కొంచెం," అని లూకాన్ వివరించాడు, ఏదో వంట చెప్పినట్టు. "వెలుగు పడ్డాక మళ్ళీ ఎన్ని సెకన్లకు చూపు వస్తుందో రాసుకుంటున్నాం. ఈ మధ్య ఆలస్యమవుతోంది. ఈరోజు నువ్వు నొక్కు బబ్లూ. కొత్త మనిషి చెయ్యి ఎంత స్థిరంగా ఉంటుందో చూడాలి."

ఇశ్రాయేలు మొహానికి జోడు ఉంది. శ్రవణ్ మొహానికి ప్లాస్టరు ఉంది. లూకాన్ చెయ్యి కోటులోపల ఉంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇద్దరూ ఇక్కడే పోతారు, రేపు బ్రిడ్జి మీద గోదా పోతుంది. ఈ లెక్క అతనికి బాగానే అర్థమైంది.

"జర తల నిలబెట్టు భాయ్," అన్నాడు.

ఆ గొంతు వినగానే శ్రవణ్ భుజాలు ఒక్కసారి వణికాయి. తర్వాత నెమ్మదిగా, గోడతో మాట్లాడినట్టు అన్నాడు. "కొత్త మేస్త్రీనా? ఫికర్ చెయ్యకు. సెకన్లు సరిగ్గ లెక్కపెట్టు, గంతే. ఈళ్ళకు లెక్కరాదు."

ఇశ్రాయేలు నొక్కాడు. జోడు నల్లబడింది. ఆ నలుపు వెనక తను హాయిగా ఉన్నాడు. శ్రవణ్ గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషిదిలా లేదు. ఇశ్రాయేలు చెయ్యి వణకలేదు, లూకాన్ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలును ఇశ్రాయేలు చచ్చేదాకా మోస్తాడు.

ఆ సాయంత్రం ఫలక్‌నుమా స్టేషన్ ప్లాట్‌ఫాం మీద జామకాయల గంప ముందు ముసలమ్మ వేషంలో విమలాదేవి కూర్చుని ఉంది. లోకల్ రైలు దిగిన జనం మధ్య ఇశ్రాయేలు కాయ ఒకటి తీసుకుని, వంగి, అంతా చెప్పాడు. శ్రవణ్ సంగతి, పసుపు కుంకుమ సంగతి.

ఆమె కాయను కోసి ఉప్పూకారం చల్లింది. మొహంలో ఆశ్చర్యం లేదు. "రూప సంగతి నాకు వదిలెయ్. రేపు సాయంత్రం దాకా ఎవర్నీ ముట్టుకోకు."

"శ్రవణ్‌ను ఇయ్యాల్నే తీసుకొస్త మేడం. ఇంకొక్క దినం గిట్లనే పోతే ఆ కళ్ళు మిగలవు."

"వాణ్ణి తీస్తే లూకాన్ జారుకుంటాడు. లైటు గోదా మొహం మీద పడాలి. పడ్డాకే మనవాళ్ళు మెట్లెక్కుతారు. అంతకుముందు పట్టుకుంటే వాడు టార్చిలమ్మే వ్యాపారి, అంతే."

"మరి ఆమె కారు లారీ కిందికి పోతే?"

"పోతే హత్య కేసు అవుతుంది. కాయ తిను, జనం చూస్తున్నారు."

ఇశ్రాయేలు తిన్నాడు. జామకాయ బాగుంది, అదొక్కటే ఆ రోజు బాగున్నది.

ఆ నిమిషంలోనే అతను నిశ్చయించుకున్నాడు. లైటు గోదా మొహం మీద పడకూడదు, పడ్డా నిలవకూడదు.

ఎమిటర్‌ను రాగిపలకకు అతికించేది సోల్డర్. మామూలు సోల్డరైతే టార్చి ఎంత కాలినా చెక్కుచెదరదు. పాత టీవీలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఇంకో రకం ఉంటుంది, కాస్త వేడికే కరిగి జావైపోతుంది. ఆ రాత్రి లూకాన్ కోసం కొత్త ఎమిటర్ బిగించేటప్పుడు ఇశ్రాయేలు దాన్నే పలచగా పూశాడు. చల్లగా ఉన్న టార్చిని ముప్పై సెకన్లు వెలిగించి ఆర్పితే ఏమీ కాదు. అలా వెలిగించి, చల్లారనివ్వకుండా వెంటనే మళ్ళీ వెలిగిస్తే, ఎమిటర్ జారి పక్కకొచ్చేస్తుంది, లైటు చచ్చిపోతుంది.

ఒక్కటే చిక్కు. లూకాన్ టక్కున వెలిగించి టక్కున ఆర్పే మనిషి. అతని చేతిలో ఆ టార్చి చల్లగానే ఉంటుంది, గోదాను చంపేదాకా చక్కగా వెలుగుతుంది. అది వేడెక్కాలంటే పైకప్పు మీద, సరిగ్గా పనికి ముందు, ఎవరో ఒకరు ముప్పై లెక్కపెట్టాలి. ఆ అలవాటు రూపకుంది, శ్రవణ్ దగ్గర దొంగిలించిన అలవాటు. గోదా ప్రాణం ఇప్పుడు ఆ దొంగతనం మీద ఆధారపడి ఉంది.

బిగించిన టార్చిని వర్క్‌షాపులో రూపే పరీక్షించింది. ముప్పై లెక్కపెట్టి, వేలితో టార్చి మెడ తాకి చూసి, ఏమీ అనకుండా డబ్బాలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం జహనుమాలో మూడంతస్తుల ఇంటి పైకప్పు మీద ముగ్గురున్నారు. పిట్టగోడ మోకాలెత్తే ఉంది. ఎదురుగా రైలు పట్టాలు, వాటి మీదుగా బ్రిడ్జి, బ్రిడ్జి మీద అప్పుడే వెలిగిన వీధిదీపాలు. కింద ఎక్కడో విభాగం మనుషులున్నారు, గుండీ ఇశ్రాయేలు ఎప్పుడో నొక్కాడు. లైటు వెలిగేదాకా వాళ్ళు కదలరు. ఇశ్రాయేలు చేతిలో ఇంకో టార్చి ఉంది, ఓడిపోయిన పెద్ద ఎమిటర్‌ది, ఎందుకైనా మంచిదని లూకాన్ పట్టుకోమన్నాడు.

లూకాన్ మెట్లగది గోడ మీద టక్కున వెలిగించి ఆర్పాడు. "పర్ఫెక్ట్," అన్నాడు, బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నాడు.

రూప కదల్లేదు. ఇశ్రాయేలు ఆమె చేతుల వైపు చూశాడు. లెక్కపెట్టమని అడగలేడు, అడిగితే అనుమానం. బ్రిడ్జికి అవతల వైపు గోదా ఎర్రటి చిన్న కారు కనిపించింది.

"ఒక్క నిమిషం డాక్టర్," అంది రూప.

టార్చి తీసుకుని గోడ మీద వేసింది. పొట్లం విప్పి పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది, పేరంటానికి పిలిచినంత తీరిగ్గా. పెదాలు కదిలాయి. ఇశ్రాయేలు ఆమెతోపాటే లోపల లెక్కపెట్టాడు.

"కారు ఎక్కుతోంది. ఇటివ్వు," అన్నాడు లూకాన్.

"గాలికి రంగు మారుతది. జర ఆగుండ్రి."

ఇరవై రెండు. ఇరవై మూడు. లూకాన్ ఆమె చేతిలోంచి టార్చి లాక్కుని ఆర్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించి గురిచూసి మళ్ళీ వెలిగించాడు. ఎదురుగా ఎర్రకారు అద్దం ఒక్కసారిగా తెల్లటి పలక అయిపోయింది. కారు తూలింది. ఎడమవైపు రెయిలింగు, కుడివైపు బస్సు. ముప్పై నిండలేదు, నిండలేదు అని ఇశ్రాయేలు మనసు గోల పెట్టింది. ఒకటి. రెండు. కారు బస్సు మీదికి మళ్ళింది.

వెలుగు నీలంగా తిరిగి, ఆరిపోయింది.

కారు రెయిలింగును గీసుకుంటూ పోయి ఆగింది. బస్సు హారన్ కొడుతూ వెళ్ళిపోయింది.

లూకాన్ అప్పుడు టార్చిపిచ్చి ఉన్న ప్రతివాడూ చేసే పనే చేశాడు. ఆరిపోయిన టార్చిని తనవైపు తిప్పుకుని మూతిలోకి తొంగిచూశాడు. తల ఎత్తేసరికి మొహానికి జానెడు దూరంలో బారాత్‌కు పనికొచ్చే లైటు ఉంది. ఇశ్రాయేలు నొక్కాడు.

లూకాన్ కేక వేసి లేచి, తూలుతూ ముందుకొచ్చి పిస్తోలు లాగాడు. కళ్ళు కనిపించకపోయినా చెవులున్నాయి. ఇశ్రాయేలు కావాలనే చెప్పులు చప్పుడయ్యేలా రూప నిలబడ్డ వైపుకు నాలుగడుగులు వేసి, కిందికి వంగాడు. లూకాన్ చప్పుడు వైపు రెండుసార్లు కాల్చాడు. రూప మెట్లగది గోడకు ఆనుకుని, పసుపు కుంకుమ బొట్ల మీదుగా జారి, కింద కూర్చుంది.

ఇశ్రాయేలు ఒక్క తన్నుతో పిస్తోలును దూరంగా పంపాడు. లూకాన్ చేతులు ముందుకు చాపి వెనక్కి నడవసాగాడు.

"ఎన్ని సెకన్లకు కనవడ్తదో చెప్పు డాక్టర్," అన్నాడు ఇశ్రాయేలు నింపాదిగా. "నేను రాసుకుంట. ఒకటి. రెండు."

"లైటు ఆపు. నాకు డబ్బుంది. పేర్లున్నాయి."

"మస్తు పేర్లు చెప్తవు తియ్యి. ఐదు. ఆరు."

లూకాన్ మడమకు పిట్టగోడ తగలబోతోంది. ఇశ్రాయేలుకు అది స్పష్టంగా కనిపిస్తోంది. ఆగమంటే ఆగేవాడే. ఆగమనలేదు, "పదకొండు" అన్నాడు. పన్నెండుకు పైకప్పు మీద లూకాన్ లేడు.

తర్వాత రూప దగ్గరికి వెళ్ళాడు. ఆమె పొట్ట దగ్గర షిఫాన్ చీర తడిసి ఉంది.

"శ్రవణ్‌ను ఎంతకమ్మినవ్?" అన్నాడు.

"అమ్మలేదు భాయ్. మేడం ఇయ్యమంటె ఇచ్చిన." మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. "లూకాన్ నన్ను నమ్మాల్నంటె ఒక మనిషిని పట్టియ్యాల్నన్నది. ఎవర్ని పట్టియ్యాల్నో గూడ ఆమెనే చెప్పింది."

"మరి ఆ పసుపు కుంకుమ ఏంది?"

"నీకెర్కయితదని పెట్టిన. నోటితోని చెప్పేటందుకు నాకు మొహం లేకుండె." ఆమె నవ్వబోయింది. "టార్చి మెడ లెక్కకంటె ఎక్కువ కాలుతున్నదని నిన్ననే చూసిన. నువ్వేదో చేసినవనుకున్న. అందుకే లెక్కపెట్టిన. ముప్పై కానియ్యలే వాడు."

ఇశ్రాయేలు ఆ పొట్లం మీద పడ్డ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోదాను కాపాడిన మనిషిని తనే గుండుకు ఎదురుగా నిలబెట్టాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించేసరికి ఆ చెయ్యి చల్లబడింది.

విమలాదేవి రొప్పుతూ పైకి వచ్చి, రూపను చూసి, కిందికి తొంగిచూసి, పెదవి విరిచింది. "వాణ్ణి ప్రాణాలతో పట్టుకోవాల్సింది."

"శ్రవణ్‌ను మీరే ఇచ్చిండ్రా మేడం?"

"ఒక జత కళ్ళు పెట్టి ఒక ముఠాను తెచ్చాను," అందామె. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నువ్వైనా ఆ కుర్చీలో ఉన్నవాడి మీద స్విచ్ నొక్కావు కదా. అదే లెక్క. నీది చిన్నది, నాది పెద్దది."

ఇశ్రాయేలు రూప చేతిలోంచి పొట్లం తీసి జేబులో పెట్టుకున్నాడు. విమలాదేవి చెప్పింది అబద్ధమైతే ఎంత బాగుండేదో అనిపించింది.

గోదాకు ఏమీ కాలేదు. ఎవడో పెద్ద లైటు వేసుకుని ఎదురొచ్చాడని ఆమె చెప్పింది, ఎవరూ నమ్మలేదు, నిర్లక్ష్యంగా నడిపినందుకు పోలీసులు చలాన్ రాశారు. శ్రవణ్‌ను ఆ సాయంత్రమే గోడౌను నుంచి తెచ్చారు. కంటి లోపలి తెర మధ్య భాగం పూర్తిగా కాలిపోయిందని, అంచుల్లో కాస్త మసక చూపు తప్ప ఇంక రాదని డాక్టర్లు తేల్చేశారు.

ఇశ్రాయేలు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని వాడికి ఏదీ దాచకుండా చెప్పాడు. విమలాదేవి సంగతి, రూప సంగతి, చివరికి తన సంగతి. శ్రవణ్ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"నువ్వు నొక్కినవని నాకు అప్పుడే ఎర్క భాయ్," అన్నాడు. "సరిగ్గ లెక్కపెట్టినవ్. అమ్మ పొట్లం ఏది?"

ఇశ్రాయేలు వాడి అరచేతిలో పెట్టాడు. శ్రవణ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మంచి వెలుగో పాడు వెలుగో ఇక వాడికి తెలిసే దారి లేదు. ఇశ్రాయేలు మొహం పక్కకు తిప్పుకున్నాడు, తిప్పుకోనవసరం లేదని తర్వాత గుర్తొచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం వాన కురుస్తుండగా విమలాదేవి వచ్చింది. చేతిలో ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఉంది. గది తలుపు మూసి, గొంతు సవరించుకుని, "శ్రవణ్, విభాగం నీకు రుణపడి..." అని మొదలుపెట్టిందో లేదో ఉరుము ఉరిమి కరెంటు పోయింది. కిటికీలకు దట్టమైన తెరలు, వాన మబ్బు, గదంతా కాటుక పూసినట్టయింది.

ఆమె బల్లను తన్నుకుంది. గాజు పగిలిన చప్పుడైంది. "ఇశ్రాయేలూ, లైటు వెయ్యి. నాకేమీ కనబడటం లేదు."

ఇశ్రాయేలు జేబులో టార్చి ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. తియ్యలేదు.

మంచం మీంచి శ్రవణ్ గొంతు చాలా మర్యాదగా వినిపించింది.

"ముప్పై లెక్కపెట్టుండ్రి మేడం. అలవాటైతది."